ఇంట్లో ఉన్నవాటితోనే కేకు

చింతలమెరకలో గంగరాజు, చలమయ్య, తాతబ్బాయి అని ముగ్గురు అన్నదమ్ములుండేవారు. తమంత తెలివైనవాళ్ళు జిల్లా అంతా గాలించినా దొరకరని ముగ్గురికీ గట్టి నమ్మకం. ఎందుకంటే, ఎవరేం చెప్పినా పొల్లు పోకుండా చేసేవారు. "ఊళ్ళోవాళ్ళు సగం విని, మిగతా సగం వాళ్ళ ఇష్టమొచ్చినట్టు చేస్తార్రా. మనం అలా కాదు. చెప్పింది చెప్పినట్టే!" అని పెద్దవాడు గంగరాజు మీసం దువ్వేవాడు. తమ్ముళ్ళిద్దరూ తలలూపేవారు. ఆ తలలు ఊపడానికి తప్ప ఎందుకూ పనికిరావని గంగరాజు పెళ్ళాం వరహాలమ్మకి తెలుసు. ఆ కొంప అన్నాళ్ళు నిలబడిందంటే అది ఆవిడ చలవే.

ఒకరోజు వరహాలమ్మకి జ్వరమొచ్చింది. దుప్పటి ముసుగేసుకుని, "పొయ్యి మీద జావ పెట్టాను, కాస్త చూస్తూ ఉండండి" అంది. అంతే! ముగ్గురూ పొయ్యి చుట్టూ పీటలేసుకుని కూర్చున్నారు. జావ ఉడికింది, చూశారు. పొంగింది, చూశారు. ఇగిరింది, మాడింది, గిన్నె ఎర్రగా కాలింది. రెప్ప వేయకుండా చూశారు. కమురు కంపుకి వరహాలమ్మ లేచొచ్చి నెత్తీ నోరూ కొట్టుకుంటే, "చూడమన్నావు కదే! ఒక్క క్షణం కూడా చూపు తిప్పలేదు" అన్నాడు గంగరాజు, మెచ్చుకుంటుందేమోనని.

జ్వరం తగ్గీ తగ్గగానే వరహాలమ్మ బట్టలు సంచిలో సర్దుకుంది. "మీకు వండి వార్చి నా చేతులరిగిపోయాయి. నాకు ఒక్క పూట జావ కాచిపోసే దిక్కు లేదు. మీ చేత్తో ఏదో ఒకటి చేసి నా నోట్లో పెట్టండి. అది తిన్నాకే మీ గడప దాటి లోపలికొస్తాను" అనేసి, పొరుగూళ్ళో ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక ఇల్లు ఇల్లులా లేదు. ముగ్గురూ అటుకులు నములుతూ బతికారు. గంగరాజుకి ఆ అటుకులు కూడా గొంతు దిగేవి కావు. ఆవిడ ఖాళీ పీట ఎదురుగా పెట్టుకుని, "తిట్టడానికైనా ఉంటే బాగుండేదిరా" అని కళ్ళు తుడుచుకునేవాడు. అది చూడలేక తాతబ్బాయి ఫోను తెచ్చి వంటల వీడియో పెట్టాడు.

"హాయ్ అండీ, అందరూ బాగున్నారా?" అంది ఫోన్లో ఒకావిడ.

"ఏం బాగు తల్లీ! మా ఆవిడ పుట్టింటికి పోయింది" అని గంగరాజు జావ దగ్గర్నుంచి మొత్తం చెప్పుకొచ్చాడు. ఈయన చెప్పడం అయ్యేసరికి ఆవిడ వంట కూడా అయిపోయింది.

"మనిషి మాట్లాడుతుంటే తన దారిన తను వండుకుపోతోందేంటి?" అని చలమయ్యకి కోపమొచ్చింది. తాతబ్బాయి మళ్ళీ మొదట్నుంచి పెట్టాడు. ఈసారి నోళ్ళు మూసుకుని విన్నారు.

"ఈరోజు మనం చాలా సింపుల్‌గా కేకు చేసుకుందాం. ఓవెన్ అక్కర్లేదు, బజారుకెళ్ళక్కర్లేదు. అన్నీ మీ ఇంట్లో ఉన్నవాటితోనే! గోధుమపిండి, పంచదార, నూనె, పాలు, చిటికెడు వంటసోడా."

ఇంకేముంది! గంగరాజు వెంటనే పెళ్ళానికి ఫోన్ చేసి, "వరహాలూ, కేకు చేస్తున్నాం, బయల్దేరు" అన్నాడు. కేకు అనేసరికి వరహాలమ్మకి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. సాయంత్రానికి వస్తానంది.

పిండి, పంచదార, నూనె, సోడా వంటింట్లోనే దొరికాయి. చలమయ్య పరుగున పోయి చెంబుతో పాలు పితుక్కొచ్చాడు. గంగరాజు గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగరా! ఆ పాలు ఎక్కడివి?"

"మన గేదెవే అన్నయ్యా."

"గేదె ఎక్కడుంది?"

"పాకలో."

"మరి ఆవిడ ఇంట్లో ఉన్నవాటితోనే అంది కదరా! పాకలోని పాలు పోస్తే కేకు చెడదూ?"

చలమయ్య నాలిక్కరుచుకున్నాడు. చెంబెడు పాలూ వీధిలో పారబోసి, గేదెని ఇంట్లోకి తోలుకొచ్చాడు. దాని కొమ్ములు గుమ్మంలో పట్టలేదు. ముందు నుంచి లాగారు, వెనక నుంచి నెట్టారు. గేదె ససేమిరా అంది. అప్పుడు తాతబ్బాయి గునపం తెచ్చాడు. గోడ గీకి, మట్టి తవ్వి, ముగ్గురూ కలిసి ద్వారబంధాన్ని తలుపులతో సహా, గడపతో సహా పెకిలించి వాకిట్లో పడుకోబెట్టారు. గేదె దర్జాగా లోపలికి నడిచింది. "ఇప్పుడు ఇది ఇంట్లో ఉన్నదే" అన్నాడు గంగరాజు. హాల్లో కుర్చీల మధ్య పాలు పితికారు. ఎందుకైనా మంచిదని గేదెని అక్కడే ఉంచారు.

"గిన్నెకి బాగా నూనె రాయండి" అంది ఫోన్లో ఆవిడ. లోపలా బయటా అని చెప్పలేదు కాబట్టి లోపలా రాశారు, బయటా రాశారు, అడుగునా రాశారు. గిన్నె చేపలా జారిపోతుంటే నేల మీద పెట్టి, అందులో అన్నీ పోశారు.

"గరిటె ఒకే దిక్కుగా తిప్పాలి. దిక్కు మారిస్తే కేకు పొంగదు."

తాతబ్బాయి గరిటె పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. "అన్నయ్యా, గుండ్రంగా తిప్పితే సగం తూర్పుకి, సగం పడమరకి పోతుందే?"

"ఒక్క తూర్పుకే తొయ్యి" అన్నాడు గంగరాజు.

తోశాడు. నూనె గిన్నె కదా, తూర్పుకి జారింది. మళ్ళీ తోశాడు, మళ్ళీ జారింది. తాతబ్బాయి గొంతుక్కూర్చుని తోసుకుంటూ హాలు దాటాడు, వంటిల్లు దాటాడు, పెరటి మెట్టు మీంచి దబ్బున దిగాడు, బెండ మొక్కల్లోంచి పోయి ప్రహరీ గోడకి కొట్టుకుని ఆగాడు. సగం పిండి దారిలోనే ఒలికింది. "ఇంక తూర్పు లేదన్నయ్యా!" అని అరిచాడు. "అయితే కలిసిపోయినట్టే" అన్నాడు గంగరాజు. దిక్కు మారకూడదని తాతబ్బాయి మొహం తూర్పుకే ఉంచి, గిన్నె పట్టుకుని వెనక్కి నడుస్తూ ఇంట్లోకొచ్చాడు.

"కుక్కర్లో పెట్టి ఉడికించండి. అయిందో లేదో తెలియాలంటే ఒక పుల్ల గుచ్చి చూడండి. పుల్లకి పిండి అంటుకోకపోతే కేకు తయారైనట్టే!"

కుక్కర్ కోసం వెళ్ళబోతున్న చలమయ్యని గంగరాజు ఆపాడు. "ఉండరా. ముందు పుల్ల గుచ్చి చూద్దాం. ఒకవేళ ఇప్పటికే అయిపోయుంటే గ్యాసు దండగ కదా?" చీపురుపుల్ల గుచ్చితే పిండి అంటుకుంది. తాతబ్బాయి ఇంకో పుల్లని నూనెలో బాగా ముంచి గుచ్చాడు. చుక్క కూడా అంటుకోలేదు! ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు. "పొయ్యి ముట్టించకుండా కేకు చేశాం! ఆ ఫోనావిడకి కూడా తెలీదు ఈ కిటుకు" అని గంగరాజు పొంగిపోయాడు. కేకు మాత్రం పొంగలేదు.

"మన వీడియో నచ్చితే గంట కొట్టడం మర్చిపోకండి" అంది ఆవిడ చివర్లో.

ఎలా మర్చిపోతారు? చలమయ్య దేవుడి గూట్లోంచి గంట తెచ్చి గణగణా కొట్టాడు. ఆ ఇంట్లో రోజూ కుడితి పెట్టేముందు చలమయ్య గేదెకి గంట కొట్టడం అలవాటు. అంతే! గేదె రెండు కుర్చీలు పడదోసుకుంటూ వచ్చి, గిన్నెలో మూతి పెట్టి ఒక్క గుక్కలో జుర్రేసింది. ఆపైన హాలు మధ్యలో కాళ్ళు ముడుచుకుని పడుకుని నెమరేయడం మొదలుపెట్టింది. ఎంత లాగినా లేవలేదు.

గంగరాజు గిన్నె ఒడిలో పెట్టుకుని భోరుమన్నాడు. "వరహాలు వచ్చేస్తుందిరా! దాని నోట్లో ఏం పెట్టను?"

"అంచుకి కాస్త అంటుకునుందన్నయ్యా" అని చలమయ్య వేలితో చూపించాడు.

"అది సరే, వదిన గడప దాటి వస్తానంది. గడపేది?" అన్నాడు తాతబ్బాయి.

గంగరాజు లేచి గుమ్మం వైపు చూశాడు. గోడకి పెద్ద కంత, గడప వాకిట్లో. తిరిగి బిగిద్దామంటే లోపలున్న గేదె బయటికెలా వస్తుంది? ముగ్గురూ తల గోక్కున్నారు. ఆఖరికి ద్వారబంధం తలుపులతో సహా భుజాలకెత్తుకుని, గిన్నె పట్టుకుని, వరహాలమ్మకి ఎదురెళ్ళారు.

కాలవగట్టు మీద ఎదురుపడింది ఆవిడ. పెళ్ళి ఊరేగింపులా గుమ్మం నడిచొస్తుంటే సంచి జారవిడిచింది. వాళ్ళు గుమ్మాన్ని రెండు తాడిచెట్ల మధ్య నిలబెట్టి, జరిగిందంతా చెప్పారు. గంగరాజు గిన్నె అంచుని వేలితో తుడిచి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. "ఇంతే మిగిలింది వరహాలూ. నువ్వు లేకపోతే నాకు ఆకలి కూడా వెయ్యట్లేదే" అన్నాడు.

వరహాలమ్మ ఆ పచ్చిపిండి చప్పరించింది. "తీపి సరిపోయింది" అంది. తిడదామనుకున్న తిట్లన్నీ నవ్వులో కొట్టుకుపోయాయి. కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. అన్నదమ్ములు చప్పట్లు కొట్టారు.

అంతలో టపటపా చినుకులు మొదలయ్యాయి. "వానొస్తోంది, గబగబా ఇంట్లోకి పదండి!" అంది వరహాలమ్మ సంచి నెత్తిన పెట్టుకుని.

ఇంకేముంది! ముగ్గురూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు గడప దాటి, ఆవిడ పక్కన చేరి, తలుపులు మూసి గడియ పెట్టారు. వాన కుండపోతగా కురిసింది. పక్కన కాలవ, పైన ఆకాశం. ముగ్గురూ తలుపుకి ఆనుకుని తడిసి ముద్దయ్యారు.

గంగరాజు పైకి చూసి, మొహం తుడుచుకున్నాడు.

"వరహాలూ, నువ్వు లేని ఈ నాలుగు రోజుల్లోనే ఇల్లు ఎలా కారిపోతోందో చూడు. ఒరేయ్ చలమయ్యా, పోయి గేదె తడవకుండా ఇంకాస్త లోపలికి కట్టు!"