వరసలో ముందున్న మాట

తోరిన్‌ను మఠం నుంచి పంపించెయ్యాలి, లేదంటే తానే వెళ్ళిపోతుంది. గురువమ్మ ముందు కూర్చుని రియోకా తేల్చమన్నది ఇదే.

జపాన్‌లో ఒక కొండమీద సన్యాసినులుండే చిన్న బౌద్ధ మఠం అది. గురువమ్మ పేరు మ్యోజెన్. శిష్యురాళ్ళు ఈ ఇద్దరే. వాళ్ళ ఫోన్లు వంటింటి అలమరలో ఉంటాయి. మధ్యాహ్నం ఊడ్పులూ తుడుపులూ అయ్యాక కాసేపు చేతికొస్తాయి.

కిందటి వారం రియోకా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. ఊరగాయకు ఉమె కాయలు పంపమని కింద ఊళ్ళో రైతుకు రాయాలి. తోరిన్‌ను అడిగి ఆమె ఫోన్ తీసుకుంది.

ఫోన్‌లో జపాన్ భాష రాయాలంటే ముందు ధ్వని కొట్టాలి. ఆ ధ్వనితో మొదలయ్యే మాటలు తమ తమ అక్షరాలతో పైన వరసగా వచ్చి నిలబడతాయి. కావలసినదాన్ని వేలితో ఏరుకోవాలి. రియోకా 'ఉ' కొట్టింది. అన్నిటికంటే ముందు వచ్చి నిలబడిన మాట 'ఉసో'. అంటే అబద్ధం.

అంతే, ఇక ఆమెకు నిద్ర లేదు. ఎవరిది అబద్ధం? ఎవరికి రాస్తోంది ఈ మనిషి? తోరిన్ ఫోన్ బోర్లా పెడితే ఎందుకు పెట్టిందని అనుమానం. తనకు ఒక గరిటె పులుసు ఎక్కువ వడ్డిస్తే ఏం కప్పిపుచ్చుకోవడానికని అనుమానం. వడ్డించకపోతే, చూశారా, బయటపడింది అనుకునేది.

తోరిన్ రాసినదేదైనా చదివావా అని గురువమ్మ అడిగింది. చదవలేదంది రియోకా. చదవాల్సిన పనీ లేదంది.

"ఫోన్ ఊరికే ఏ మాటనీ ముందు పెట్టదమ్మా. ఆ చెయ్యి పదేపదే రాసిందే ముందు పెడుతుంది. ఇంతకంటే రుజువు ఏం కావాలి?"

"బాగుందే. ఊరగాయ పెట్టబోతే దొంగ దొరికిందన్నమాట," అంది గురువమ్మ.

ఈ సంగతి ఇంకెవరితోనైనా అన్నావా అని కూడా అడిగింది. రియోకా నడుం నిటారుగా చేసుకుంది. గట్టిగా తేలేదాకా ఒక మనిషి మీద మాట వెయ్యడం తనకు అలవాటు లేదంది.

"నీ ఫోన్ ఇలా ఇయ్యి."

నాదెందుకు? రియోకాకు చురుక్కుమంది. తోరిన్ తనకంటే ముందే వచ్చి ఏమైనా చెప్పిపోయిందా? ఇచ్చింది గానీ, కళ్ళు గురువమ్మ వేలిమీదే ఉంచింది.

గురువమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఫోన్‌ను చేతి దూరాన పట్టుకుంది. 'తో' కొట్టింది. పైన ముందుగా 'తోరిన్' వచ్చింది. దాన్ని తాకింది. ఆ తర్వాత ఏ మాట రావాలో ఫోనే ఒక వరస పెట్టింది. అందులోనూ మొదటిదాన్నే తాకింది. మళ్ళీ వరస, మళ్ళీ మొదటిదే. చివరికి తెర చూడటం కూడా మానేసి, వాకిట్లో వాన చూస్తూ తాకుతూ పోయింది.

తర్వాత ఫోన్‌ను రియోకా ముందు చాపమీద పెట్టింది.

'తోరిన్ మళ్ళీ అబద్ధం చెప్పింది నమ్మొద్దు తోరిన్ ఏదో దాస్తోంది ఎవరికీ చెప్పకు తోరిన్ మళ్ళీ...'

రియోకా చెవులు వేడెక్కాయి.

"ఇది మీరు రాసింది," అంది.

గురువమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"నేను కొట్టింది ఒక్క అక్షరమే."