తోడు అడగని ఆవు

మోదుగుల అడవిలో ఎలుగుబంట్లు, కోతులు, కుందేళ్లు, అడవిపందులు ఉండేవి. వాగు ఒడ్డున కపిల అనే ఆవు, గట్టు మీద బూది అనే మేక కాపురముండేవి. అడవిలో ఎవరికి పెరుగు కావాలన్నా వీళ్లిద్దరి దగ్గరికే రావాలి.

కపిల పెరుగు గడ్డలా ఉండేది. కుండ వంచినా జారేది కాదు. అది చూసుకుని కపిలకు మహా మురిపెం. బూది పెరుగేమో మెత్తగా, జారుగా ఉండేది.

"ఏమే బూదీ, అది పెరుగా, మజ్జిగా?" అని కపిల వేళాకోళం చేసేది.

"తిన్నవాళ్ల పొట్టనడుగు వదినా!" అని బూది నవ్వేసేది.

ఒకరోజు కోతుల ఇంట పెళ్లయింది. కపిల గొప్ప కోసం కుండ అడుగంటా గీకి పెరుగు వడ్డించేసింది. తోడుకు చెంచాడైనా మిగుల్చుకోలేదు.

తోడంటే తెలుసుగా? పెరుగులో కంటికి కనబడని బుల్లి జీవులుంటాయి. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు కలిపితే, అవి పాలంతా వ్యాపించి కమ్మని పెరుగు చేస్తాయి. అందుకే ఏ ఇల్లాలైనా ముందు తోడు దాచి, తర్వాతే వడ్డిస్తుంది. కపిల ఆ మాట మరిచింది.

మర్నాడు మల్లి అనే ఎలుగుబంటి పరుగున వచ్చింది.

"అక్కా, మా బుజ్జిగాడు పచ్చికాయలు తిని పొట్ట పాడుచేసుకున్నాడు. నీళ్లు తాగిస్తున్నా, నీరసం తగ్గలేదు. కాస్త పెరుగు పెట్టవూ?"

"రేపు పొద్దున్నే రా. గడ్డ పెరుగు పెడతాను."

"పోనీ, ఇవాళ్టికి బూదినడగనా?"

"ఆ నీళ్ల పెరుగా! పసివాడికి గట్టిది పడాలి గానీ."

మల్లి నమ్మి వెళ్లిపోయింది.

కపిల పాలు కాచింది. తోడు కోసం గట్టు సగం దాకా ఎక్కింది. 'మేకను తోడు అడిగితే నా పరువేం కావాలి?' అనుకుని వెనక్కి తిరిగింది. ఎండలో పెడితే అవే తోడుకుంటాయిలే అని కుండను బండ మీద పెట్టి ఊరుకుంది.

తెల్లవారి మూత తీస్తే గుప్పున కంపు! పాలు విరిగి, తీగలు సాగుతున్నాయి. అప్పుడే మల్లి బిడ్డను వీపున వేసుకుని వచ్చింది. బుజ్జిగాడి తల వేలాడిపోతోంది. మల్లి కుండలోకి చూసింది. జారిపోతున్న బిడ్డను వీపు మీదికి సర్దుకుంది.

అది చూసి కపిల గొప్పంతా దిగిపోయింది. "పద చెల్లీ, బూది దగ్గరికి పోదాం. నిన్ననే పంపాల్సింది, తప్పు నాదే," అంటూ తానే ముందు నడిచింది.

బూది తన పెరుగును బుజ్జిగాడికి కొంచెం కొంచెంగా నాకించింది. "నీరసపడ్డ పసి పొట్టకు గడ్డ పెరుగు బరువు మల్లీ. ఇదైతే మెత్తగా దిగుతుంది."

పొద్దు వాలేసరికి బుజ్జిగాడు లేచి కూర్చున్నాడు. "ఇంకా పెట్టు!" అన్నాడు. మల్లి ఆనందంతో ఆ ఏటి తేనెపట్టంతా బూదికే తెచ్చి ఇచ్చింది.

కపిల తల వంచుకుని అడిగింది. "బూదీ, నాకు కాస్త తోడు పెడతావా? అయినా నీ తోడు వేస్తే నా పెరుగు కూడా జారైపోతుందేమో?"

"అదేం మాట వదినా! తోడు ఒక్కటే, పాల గుణం వేరు. నీ పాలలో పడితే అది నీ పెరుగే అవుతుంది."

అలాగే అయింది. మర్నాడు కపిల కుండలో పెరుగు మునుపటిలా గడ్డకట్టింది. అంతలో అడవిపంది వచ్చి పెరుగు అడిగింది.

"నీకైతే నాది పట్టుకెళ్లు మామా, కడుపు నిండుతుంది. ఇంట్లో పసివాళ్లకైతే గట్టెక్కు. బూది పెరుగు వాళ్లకు హాయిగా ఉంటుంది," అంది కపిల.

నీతి: గొప్పకు పోయి తోడు వద్దనుకుంటే పాలు విరుగుతాయి, అడిగి తెచ్చుకుంటే అవే పాలు పెరుగవుతాయి.