కుంటి పొట్టేలు తల వంచిన మధ్యాహ్నం

గుట్ట కింది బీడులో ఒక గొర్రెల మంద ఉండేది. పొద్దెక్కగానే కాపరి తల్లిగొర్రెల్ని మేతకు తోలుకుపోయేవాడు. దూరం నడవలేని పసి గొర్రెపిల్లల్ని తుమ్మకంప దొడ్డిలో వదిలి, దారికి వెదురు తడిక అడ్డం పెట్టేవాడు. ఆ తడిక ముందు కాపలా ఉండేది సీమోను అనే కుంటి పొట్టేలు.

సీమోను ఒకప్పుడు పందెం పొట్టేలు. అప్పుడు అతని పేరు పిడుగు. ఎదుటివాడి నుదురు చిట్లేదాకా వదిలేవాడు కాదు. ఒక పందెంలో కాలు విరిగింది. విరిగిన పొట్టేలుకు మిగిలేది కసాయి కత్తే గదా. దారిన పోతున్న ఈ కాపరి చూసి, భుజాన వేసుకుని తెచ్చుకున్నాడు. కట్టు కట్టి, కొత్త పేరు పెట్టాడు. దెబ్బకు దెబ్బ కొట్టొద్దన్నాడు. అంతే, సీమోను మళ్ళీ ఎవరి మీదికీ తల వంచి ఉరకలేదు.

కొమ్ములు ఊరుకున్నాయి గానీ నోరు ఊరుకోలేదు. కనబడినవాళ్ళందరికీ చెప్పేవాడు. "విరిగినవాణ్ని మోసే కాపరి ఒకడున్నాడు. మీరూ వినండి."

గుట్ట మీది మేకలకు అది ఒళ్ళుమంట. వాటి పెద్ద గంగులు అనే గడ్డం మేకపోతు.

"ఏం బావా, అంత మంచి కాపరి నీ కాలెందుకు తిన్నగా చెయ్యలేదు?"

"కుంటివాణ్నయినా ఉంచుకున్నాడు బావా. నీ మందలో ఉంచుకుంటారా?"

గంగులుకు కోపం వచ్చి రాయి దొర్లించాడు. ఇంకొకనాడు డొక్కలో పొడిచి ముళ్ళలో పడేశాడు. సీమోను లేచి, ముళ్ళు దులుపుకుని, మర్నాడు మళ్ళీ అదే మాట మొదలుపెట్టాడు.

"సిగ్గు లేదా నీకు?" అన్నాడు గంగులు.

"ఉంది. చెప్పాలన్న ఆశ దానికన్నా పెద్దది."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఎండాకాలమంతా గడిచింది. అట్లాంటప్పుడు ఒక మధ్యాహ్నం గుంటనక్క వచ్చి, దూరంగా తోక ముడుచుకుని కూర్చుంది.

"అన్నా, ఆ కాపరి సంగతి నాకు కూడా చెప్పవా?"

చెప్పమని అడిగినవాళ్ళు అంతవరకు ఒక్కరూ లేరు. సీమోనుకు కళ్ళు చెమ్మగిల్లాయి. అతి వినయం ధూర్త లక్షణమని అతనికి తెలియక కాదు. దాహంగా ఉన్నవాడు నీళ్ళ రంగు చూడడు. నక్క రోజూ వచ్చేది, తల ఊపేది, సరైన చోట నిట్టూర్చేది.

ఒకనాడు అంది, "అన్నా, అంతా నమ్మాను. ఒక్కటే అనుమానం. నిన్నెవరైనా కొడితే నిజంగా తిరిగి కొట్టవా?"

"కొట్టను."

మాట పూర్తికాకముందే నక్క అతని చెవి కొరికి చీల్చింది. నెత్తురు కారింది. గుట్ట మీద మేకలు నెమరు ఆపి చూశాయి. సీమోను మెడలో పాత పిడుగు లేచి నిలబడ్డాడు. అతన్ని అక్కడే అణిచి, సీమోను అన్నాడు, "అయిందా తమ్ముడూ?"

"అయింది. నీ మాట నిజమే." నక్క మూతి నాక్కుంది. "ఇంక తడిక తియ్యి. పిల్లల పక్కన కూర్చుని మిగతాది వింటాను. వచ్చినవాణ్ని కాపరి వెళ్ళగొట్టడని చెప్పింది నువ్వే గదా. తలుపు వేసుకుని విందుకు పిలుస్తారా ఎవరైనా?"

సీమోను తడిక వైపు చూశాడు, నక్క వైపు చూశాడు. కాదంటే తను చెప్పిందంతా అబద్ధమైపోతుందేమో. కొమ్ము తగిలించి తడికను కాస్త జరిపాడు.

నక్క కూర్చోలేదు. సందులోంచి దూరి తెల్లనొసటి పిల్ల ఒకదాని మెడ పట్టుకుంది.

పిల్ల అరిచింది. పైన మేకలు చూస్తున్నాయి. ఇప్పుడు కొడితే ఇన్నాళ్ళ మాట బూడిదలో పోసిన పన్నీరే. కొట్టకపోతే సాయంత్రం తల్లిగొర్రె వచ్చి పిల్లకోసం అరుస్తుంది. సీమోను తల వంచాడు. మూడు కాళ్ళ మీద ఉరికి నక్క డొక్కలో ఒక్క పోటు పొడిచాడు. నక్క పిల్లను వదిలి, ఎగిరి తుమ్మకంపలో పడి చిక్కుకుంది.

"ఇదేం న్యాయం అన్నా? కొట్టనన్నావు గదా."

"చెవి కొరికినప్పుడు కొట్టానా?"

"లేదు."

"ఆ చెవి నాది తమ్ముడూ, ఇచ్చుకున్నాను. ఈ పిల్ల నాది కాదు. తల్లి నన్ను నమ్మి వదిలింది. దాన్ని నీకిచ్చి నేను ఓర్పుగలవాణ్ని అనిపించుకుంటే, అది అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు."

మేకలు గుట్ట దిగి వచ్చాయి. "చిక్కాడు. పొడిచి చంపెయ్ బావా, పీడ విరగడవుతుంది," అన్నాడు గంగులు.

సీమోను నక్కకు అడ్డంగా నిలబడ్డాడు. "వాడి నోట్లో పిల్ల ఉన్నంతసేపే నాకు కొట్టే పని. ఇప్పుడా నోరు ఖాళీ." కొమ్ముతో కంప ఎత్తి పట్టాడు. తోక వెంట్రుకలు ముళ్ళకు వదిలి నక్క బయటపడింది.

"రేపూ రా తమ్ముడూ," అన్నాడు సీమోను. "చెప్పడం మాననులే. నువ్వు మాత్రం తడిక బయటే కూర్చోవాలి."

నక్క వెనక్కి చూడకుండా కుంటుకుంటూ పోయింది. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అవుతుంది. మొత్తబోయినవాడికి కొమ్ములున్న సంగతి ఆలస్యంగా గుర్తొస్తుంది.

గంగులు గడ్డం కదిలించాడు. "తప్పు చేశాననిపించలేదా బావా?"

"తడిక తీసినందుకు అనిపించింది. వినేవాడు దొరికాడన్న ఆశలో కాపలా మరిచాను."

"మరి కొట్టినందుకో?"

సీమోను కొమ్ముతో తడికను మళ్ళీ దారికి అడ్డం జరిపాడు. "అది కాపరిని అడగాలి. పందెంలో కొట్టినప్పుడు సంతోషంగా ఉండేది. ఇవాళ లేదు."

సాయంత్రం కాపరి చీలిన చెవి చూశాడు, పిల్ల మెడ చూశాడు, ముళ్ళకు అంటిన తోక వెంట్రుకలు చూశాడు. ఇద్దరికీ పసుపు రాసి, తడిక బిగించి, దాని ముందు ఎప్పటిలాగే సీమోనును ఉంచాడు.

మర్నాడు నక్క రాలేదు. ఆ పొట్టేలు మాట మీద నిలబడేవాడు కాదని అవతలి గుట్టలో చెప్పుకుంటూ తిరుగుతోందట. గంగులు మాత్రం దిగి వచ్చి, తడికకు ఇవతల కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"ఆ మోసుకొచ్చిన సంగతి మొదటినుంచి చెప్పు బావా. రాళ్ళు దొర్లించే పనిలో పడి సరిగ్గా వినలేదు."

నీతి: తన చెంప ఎవరైనా ఇచ్చుకోవచ్చు, పక్కవాడి చెంప ఇచ్చి దాన్ని ఓర్పు అనకూడదు.