ఏడు రోజుల గడువు

విశాలాక్షి మేడంని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. ఏదో ఒక పని చేయిస్తారు. కాకినాడలో కాలేజీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, ఫోన్ తెర మీది అక్షరాలను చూపులేని వాళ్ళకు తెలుగులో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి మొదలుపెట్టారు. ఓపెన్ సోర్స్ పని. కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్పు ఎవరైనా చేయొచ్చు, జీతం మాత్రం ఎవరికీ లేదు. పదకొండేళ్ళుగా నేనూ అందులో ఉన్నాను. మాకున్న కట్టుబాటు ఒక్కటే. ఏ మార్పయినా వారం రోజులు ప్రకటనల పేజీలో ఉంచాలి. ఎవరూ కాదనకపోతే అది అందరి ఫోన్లలోకీ వెళ్ళిపోతుంది.

మేడం శిష్యుల్లో మునీంద్ర చురుకైనవాడు. పది నెలలు ఆఫీసు నుంచి వచ్చాక కూర్చుని, పాత గొంతు తీసేసి కొత్త గొంతు తయారుచేశాడు. వారం గడువు ముగిసి అది అందరి ఫోన్లలోకీ వెళ్ళింది. తియ్యటి గొంతు, కాదనను. కానీ చూపులేని వాళ్ళు మనలా నిదానంగా వినరు. మూడింతల వేగంతో వింటారు. ఆ వేగంలో కొత్త గొంతు మాటల్ని ముద్ద చేసేస్తోంది. శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా ఉన్న చూపులేని అప్పలనాయుడు, తొమ్మిదేళ్ళుగా మా మార్పుల్ని విని తప్పులు పట్టిపెట్టిన మనిషి, ఆ గొంతు విని రెండు రోజులు అందరికీ తప్పు నంబర్లు కలిపాడు. పైఅధికారి సంజాయిషీ అడిగాడు. పాత గొంతు తిరిగి రాకపోతే మీకో దణ్ణం అని నాయుడూ, ఆయనలాగే మా కోసం వినిపెట్టే మరో ఎనిమిది మందీ కబురు పెట్టారు.

మునీంద్ర ఒళ్ళు మండి మేడం ఇంటికి వచ్చాడు. పది నెలల కష్టం బూడిదలో పోయాలా అన్నాడు. రోజుకొకటి చొప్పున ఏడు ప్రకటనలు పెట్టానన్నాడు. అప్పుడు నిద్రపోయి ఇప్పుడు గొడవకు దిగే వాళ్ళతో ఏ మంచి పనీ సాగదన్నాడు. చివరికి అసలు ప్రశ్న అడిగాడు.

"నోరు విప్పని వాళ్ళను ఎలా ఒప్పించాలి మేడం?"

నిజం చెప్పాలంటే అప్పటికి నేనూ వాడి పక్షమే. ముందురోజే నాయుడికి ఫోన్ చేసి, ప్రకటన పెట్టినప్పుడే ఎందుకు కాదనలేదని నిలదీశాను. "నాకు తెల్దు బాబూ, నన్నెవులూ అడగనేదు" అన్నాడాయన. అబద్ధాలాడకు అని కసిరి ఫోన్ పెట్టేశాను.

మేడంకి కంటి ఆపరేషనై నెల కాలేదు. నల్లద్దాలు సర్దుకుని తన ఫోన్ మునీంద్ర చేతిలో పెట్టారు. కళ్ళు మూసుకుని మన ప్రకటనల పేజీ వినమన్నారు. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు అన్నాడు వాడు. అయినా వినమన్నారు.

వాడు కళ్ళు మూసుకుని తెర మీద వేలు జరిపాడు. ఫోన్ "బొమ్మ" అంది. మళ్ళీ జరిపాడు. "బొమ్మ" అంది. అలా ఏడుసార్లు అదే మాట. ఎనిమిదోసారి మాత్రం అంతకు ముందు నెలలో నేను రాసిన పాత ప్రకటన పొల్లుపోకుండా చదివింది.

మునీంద్ర తన ఏడు ప్రకటనలనూ ముచ్చటగా రంగులేసి బొమ్మలుగా తయారుచేశాడు. అక్షరాలన్నీ బొమ్మలోనే ఉన్నాయి. బొమ్మలోని అక్షరాలు మా సాఫ్ట్‌వేర్‌కి కనబడవు. ఆ సంగతి వాడికి తెలుసు, నాకు తెలుసు, మాలో కోడ్ రాసే ప్రతివాడికీ తెలుసు. ఆ ఆకుపచ్చ రంగు భలే ఉందని మెచ్చుకున్నది నేనే. చూపులేని వాళ్ళ కోసం బతుకుతున్నామని ప్రతి సభలో చెప్పుకునే మేము, వాళ్ళు వినే గొంతును మారుస్తున్నామన్న కబురును బొమ్మ గీసి వాళ్ళ ముందు పెట్టాం. ఏడో బొమ్మలో ఇలా కూడా ఉంది: ఎవరూ కాదనలేదు కనుక అందరూ ఒప్పుకున్నట్టే. నాయుణ్ణి కసిరిన నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపించింది.

మేడం గొంతు కోపంతో వణికింది. పదకొండేళ్ళలో ఆవిడ గొంతు అలా వినలేదు.

"ఆపరేషనైన వారం కళ్ళు మూసుకుని నేనూ ఈ పేజీ విన్నాను. ఎవరో శుభాకాంక్షలు పెడుతున్నారనుకున్నాను. అదేం బొమ్మని నేనూ ఒక్కరిని అడిగిన పాపాన పోలేదు."

మునీంద్ర లాప్‌టాప్ తెరిచి, అక్షరాల్లో కొత్త ప్రకటన పెడతానని, ఇంకో ఏడు రోజులు గడువిస్తానని గబగబా టైపు చేయబోయాడు. మేడం చేయి చాచి లాప్‌టాప్ మూసేశారు. ముందు నాయుడికి ఫోన్ చేసి, ఆ ఏడు బొమ్మల్లో ఏం రాశాడో తన నోటితో చదివి వినిపించమన్నారు.

ఏడోది కూడా చదవాలా అని అడిగాడు మునీంద్ర, తల వంచుకుని.

"అదీ చదువు" అన్నారు మేడం. "చదివాక ఫోన్ పెట్టేయకు."