పేరు మారిన తాటాకులు

మంచుకొండ ఎక్కిన బోడెన్న కథ రాసున్న పాత తాటాకులు పురుగు పట్టిపోతుంటే, కొత్త ప్రతి రాయమని దొర వ్రాయసకాడు చెంచయ్యను పిలిపించాడు.

"బోడెన్న పేరున్న చోటల్లా నా పేరు రాయి. లేదంటే నీ వేళ్ళు తీయిస్తా."

ఇదివరకు దొర మాట కాదన్న మరో వ్రాయసకాడు ఇప్పుడు మొండిచేత్తో అడుక్కుంటున్నాడు. చెంచయ్య గంటం పట్టి చెప్పినట్టే రాశాడు.

నిండు సభలో చదవమన్నాడు దొర. కథలో దొర శిఖరం ఎక్కగానే సభంతా భళా అంది. చెంచయ్య చివరి ఆకు తిప్పాడు.

"దిగేటప్పుడు మంచుకు చచ్చుబడి దొరవారి కుడిచేతి వేళ్ళు అయిదూ రాలిపోయాయి."

అందరి కళ్ళూ దొర ఉంగరాల చేతిమీద పడ్డాయి.

"ఇదేమిట్రా!"

"తమరు పేరొక్కటే మార్చమన్నారు దొరా. ఇప్పుడు పుస్తకాన్ని దిద్దమంటారా, చేతిని దిద్దమంటారా?"

దొర చెయ్యి శాలువాలో దాచుకున్నాడు. "బోడెన్న పేరే ఉంచు" అని గొణిగాడు.

చెంచయ్య తన అయిదు వేళ్ళతో మళ్ళీ గంటం అందుకున్నాడు.