నక్క తెంపిన జమ్ముపోచ

వాగులో ఎండాకాలం కూడా నీళ్ళుండే రోజుల మాట ఇది. రెండు గట్ల మీదా జమ్ముగడ్డి మనిషెత్తున ఉండేది. పొద్దు వాలంగానే నక్కలు ఊళేసేవి, ఆ ఊళ విని ఊళ్ళో ఆడోళ్ళు దీపాలు ముట్టించేవాళ్ళు. ఇప్పుడు జమ్మూ లేదు, నక్కలూ లేవు. వాగులోకి ట్రాక్టర్లు దిగి ఇసక తోలుకుపోతన్నాయి. పోనీ, ఉన్నప్పటి సంగతి చెప్పుకుందాం.

ఆ గట్టు మీద బొరియలో కోటయ్య అనే నక్క, వాడి పెళ్ళాం నాగులు కాపరం ఉండేవాళ్ళు. నలుగురు పిల్లలు. పాలు చాలక అప్పుడప్పుడే ముద్ద మరుగుతన్నారు. ఆ వాగు నక్కల్లో ఒక పద్ధతుంది. తల్లి పిల్లల్ని కాసుకుంటది, తండ్రి కూడు తెస్తాడు. కోటయ్య బురదలో దిగి ఎండ్రకాయలు పట్టుకొస్తే, నాగులు పెంకు కొరికి తీసి మెత్తగా నమిలి పెట్టేది.

మొదట్లో కోటయ్య బాగానే తెచ్చాడు. ఒక్కోసారి ఎండ్రకాయ వాడి ముక్కు పట్టుకుని వేలాడతా ఉంటే అట్టాగే పరిగెత్తుకొచ్చేవాడు.

"తియ్యవే తల్లీ, ముక్కూడిపోతంది!"

"ఉండయ్యా, పిల్లల్ని చూడనీ. వాళ్ళ నాయనకి ముక్కెర ఎంత బాగుందో!"

అట్టా నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వులు ఎండలు ముదిరిందాకే. అవతలి గట్టున పుచ్చతోట కాపుకొచ్చింది. కోటయ్య ఒకసారి రుచి చూశాడు, ఇంక బురదలో కాలు పెట్టబుద్ధి కాలేదు. కడుపు నింపుకుని, ఖాళీ నోటితో ఇంటికొచ్చేవాడు.

"ఏదయ్యా పిల్లల కూడు?"

"వాగులో ఎండ్రకాయలు లేవే."

"నీ మీసానికి అంటుకుందేంది మరి? ఎండ్రకాయలకి గింజలుంటాయా?"

కోటయ్య మూతి తుడుచుకున్నాడు. "పుచ్చకాయ నోట కరుచుకొచ్చేదెట్టా? నువ్వే చెప్పు."

"నిన్ను పుచ్చకాయ ఎవరు తెమ్మన్నారు? పిల్లలు ఒకళ్ళ చెవులు ఒకళ్ళు చీకతా పడుకుంటన్నారు. చూడు, ఆ చిన్నదానికి లేచి నిలబడే ఓపిక కూడా లేదు."

కోటయ్య చూళ్ళేదు. అటు తిరిగి పడుకున్నాడు.

నాగులు ఆలోచించుకుంది. తాటితోపు వెనకాల కుంటలో ఇంకా నీళ్ళున్నాయి. దాని పుట్టిల్లు అక్కడే, ఒకప్పుడు అమ్మ ఉన్న బొరియ ఇప్పుడు ఖాళీగా ఉంది. అక్కడైతే పిల్లల్ని గడపలో పెట్టుకుని కప్పో, ఎలకో తనే పట్టగలదు.

"పిల్లల్ని తీసుకుని కుంట కాడికి పోతా" అంది.

"పోవటానికి వీల్లేదు. నా పిల్లలు. నేను ఊ అంటేనే గడప దాటాలి."

అదీ ఆ వాగు పద్ధతే మరి. తండ్రి ఒప్పుకోకుండా పిల్లల్ని బొరియ మార్చకూడదు. కూడు పెట్టడు, కదలనియ్యడు. నాగులు ఏం చేసుద్ది?

వాగు మడుగులో ఒంటికాలి మీద ఒక కొంగ ఉండేది. ఆ మడుగులో ఎండ్రకాయలన్నీ తనకే మిగలాలని దాని ఆశ. అది కోటయ్యని పిలిచింది.

"ఏం బావా, మొహం అట్టా ఉందేంది?"

"ఇంటికి పోతే కూడు కూడు అని ఒకటే పోరు బావా."

"ఓస్, ఇంతేనా! మొగుడూ పెళ్ళాం విడిపోతే గంగన్న ఎద్దు ముందు జమ్ముపోచ తెంపుకుంటారు గదా. నువ్వు పిల్లల మీద హక్కు వదులుకుంటన్నానని పోచ తెంపు. హక్కు లేకపోతే నువ్వు తండ్రివే కాదు. తండ్రివి కాకపోతే కూడెవరికి తెస్తావు?"

"అంత తేలికా?"

"నేనెప్పుడన్నా అబద్ధం చెప్పానా?" అని కొంగ కళ్ళు సగం మూసుకుంది.

కోటయ్య ఎగురుకుంటా ఇంటికెళ్ళి చెప్పాడు. వాడు మళ్ళీ తోటకి పోంగానే నాగులు తుమ్మచెట్టు కింద పడుకున్న గంగన్న దగ్గరికి పోయింది. గంగన్న ముసలెద్దు. వాగులో ఏ తగువొచ్చినా ఆయనే తీర్చాలి.

"తాతా, ఇట్టా అంటన్నాడు. పిల్లల మీద పోచ తెంపటం ఎక్కడన్నా ఉందా?"

గంగన్న నెమరు ఆపాడు. "నేను దూడగా ఉన్నప్పుడు ఒక్కసారి చూశానమ్మా" అని, ఆనాడు జరిగిందంతా చెప్పాడు. నాగులు చెవులు నిక్కించి విన్నది. లేచేటప్పుడు దాని నడకే మారిపోయింది.

మర్నాడు పొద్దు వాలుతుండగా వాగు జీవాలన్నీ గట్టు మీద చేరాయి. కప్పలు, ఎలకలు, తీతువు పిట్టలు, ఒక పక్కగా కొంగ.

"ఏరా కోటయ్యా, ఏంది నీ గోల?" అన్నాడు గంగన్న.

"నా నలుగురు పిల్లల మీద హక్కు వదిలేస్తన్నా పెద్దయ్యా. అందరూ వినండి."

"కన్నబిడ్డల్రా. మీ నాయన నాకు బాగా తెలుసు. వాగు పొంగిన ఏడు నిన్ను నోట కరుచుకుని మెడలోతు నీళ్ళల్లో గట్టెక్కించాడు. నువ్వు గుప్పెడంత ఉన్నావు. బండి కట్టి ఉన్నా, నేను ఆగి చూశా. తోలేవాడు కర్రతో పొడిచినా కదల్లేదు." ముసలెద్దు కంట్లో నీళ్ళు తిరిగాయి.

కోటయ్య చెవులు కిందికి వాలాయి. కొంగ గొంతు సవరించుకుంది. కోటయ్య మళ్ళీ చెవులు లేపాడు.

"పాత కబుర్లు ఇప్పుడెందుకు పెద్దయ్యా?"

"ఆ కబుర్లలోనే పద్ధతి ఉందిరా. పోచ తెంపేముందు ఒక మాట విను..."

"వద్దొద్దు. నువ్వు మొదలెడితే తెల్లారుద్ది."

ఎద్దు ఇంకోసారి నోరు తెరిచాడు. కోటయ్య ఆ మాటా పడనివ్వకుండా, పొడుగాటి జమ్ముపోచ ఒకటి పీకి నోట పట్టుకున్నాడు. అప్పుడు నాగులు ముందుకొచ్చింది.

"ఉట్టినే తెంపితే కుదరదు. నలుగురిలో చెప్పి తెంపు. పిల్లలు ఎక్కడుండేదీ ఇంక అడగనని చెప్పు."

"అడగను."

"సందేళ ఊళేసి పిల్లల్ని పిలవనని చెప్పు."

"పిలవను. గొంతు నెప్పి తగ్గుద్ది."

"నాయనా అనిపించుకోనని చెప్పు."

"అది వదిలించుకోటానికే గదే వచ్చింది!" అని కోటయ్య పోచని కాలితో తొక్కిపెట్టి పటుక్కున తెంపాడు. ఒక ముక్క నేల మీద పడింది. రెండోది పళ్ళ మధ్య ఉండిపోయింది.

కొంగ రెక్కలు కొట్టింది. "అయిపోయింది! ఇంక నువ్వు మడుగులో దిగే పనే లేదు బావా!"

"ఉండండి" అన్నాడు గంగన్న. "కింద పడ్డ ముక్క హక్కు. అది పోయింది. ఇంక అడిగే అధికారం వీడికి లేదు. నోట్లో ఉన్న ముక్క సంగతేంది?"

"దానికేముంది, ఉమ్మేస్తా" అన్నాడు కోటయ్య.

"ఉమ్మేసేది కాదురా అది. అది కూడు. ఎవరన్నా ముందుకొచ్చి, ఈ పిల్లలకి ఇంక నేను నాయన్ని అని నీ నోట్లోంచి అందుకోవాలి. అందుకున్నవాడు తెచ్చిపెడతాడు. అందుకునేవాడు దొరికిందాకా తేవాల్సింది నువ్వే. ఇందాకటి నుంచీ ఈ మాట చెప్పబోతే నువ్వు విన్నావా?"

కోటయ్య చుట్టూ చూశాడు. కప్పలు గబగబా నీళ్ళల్లో దూకాయి. ఎలకలు కలుగుల్లోకి పోయాయి.

"కొంగ బావా! నువ్వేగా చెప్పింది. అందుకో!"

"నేనా? నక్కపిల్లలకి కొంగ నాయనేందయ్యా! పళ్ళొచ్చాక నన్నే తింటారు" అని కొంగ లేచి, అవతలి గట్టుకి పోయింది.

"అయితే కింది ముక్క నాకిచ్చెయ్యి పెద్దయ్యా. కూడు తప్పనప్పుడు హక్కెందుకు పోగొట్టుకుంటా?"

"తెంపటానికి ఎంతోసేపు పట్టదుగానీ, అతికేవాళ్ళు ఎవరున్నారయ్యా?" అంది నాగులు. "నలుగురూ విన్నారు. అడగనన్నావు, పిలవనన్నావు, నాయనా అనిపించుకోనన్నావు. నా నోటితో నేనేమీ అనలేదు."

గంగన్న తలూపాడు. "దాని మాట న్యాయం."

"తేకపోతే ఏం చేస్తారు?" అని కోటయ్య పళ్ళు కొరికాడు.

"మేమేం చెయ్యం. తేని రోజున ఈ తీతువు పిట్టలు నీ వెంటపడి అరుస్తాయి. నువ్వెక్కడ నక్కినా నీ నెత్తి మీదే అరుస్తాయి. ఆ అరుపు వింటే తోట కాపలా కుక్కలు ఎట్టా వస్తాయో నీకు నేను చెప్పాలా?"

కోటయ్య మొండికేసి మర్నాడు తోటకే పోయాడు. తీతువులు అరిచాయి, కుక్కలొచ్చాయి. తోకలో సగం బొచ్చు కంచెకి వదిలేసి వచ్చాడు. ఆ సాయంత్రమే మడుగులో దిగాడు. కొంగ కళ్ళ ముందే ఎండ్రకాయలన్నీ ఏరుకుపోతంటే అది గుడ్లప్పగించి చూసింది.

అప్పటికే నాగులు పిల్లల్ని ఒక్కొక్కర్నీ నోట కరుచుకుని కుంట కాడికి మోసింది. ఎవర్నీ అడగలేదు. అడగాల్సినవాడు లేడు గదా. కోటయ్యకి దారి పొడుగైంది. వాగు నుంచి తాటితోపు దాకా నోట్లో ఎండ్రకాయలు పెట్టుకుని రోజూ నడిచేవాడు.

పిల్లలు కండపట్టారు. లేవలేకుండా పడి ఉన్న ఆ చిన్నది ఇప్పుడు అందరికంటే ముందు పరిగెత్తేది. ఒకనాడు కోటయ్య దూరంగా కనపడంగానే అది అరిచింది.

"అమ్మా! ఎండ్రకాయల మామ వచ్చాడే!"

కోటయ్య నోట్లోవి కింద పెట్టాడు. "మామని కాదే బంగారం, నేను..." అని ఆగిపోయాడు. నాగులు వాడి వంకే చూస్తంది. వాడు తల దించుకున్నాడు.

"మామకి దారియ్యండి, చానా దూరం పోవాలి" అంది నాగులు.

పిల్లలు పక్కకి జరిగారు. వాడు కాసేపు వాళ్ళు తినేది చూసి, వెనక్కి తిరిగి నడిచాడు.

హక్కు నీది, వద్దనుకుంటే వదులుకో. కూడు పిల్లలది, దాన్ని వదులుకోటానికి నువ్వెవరివి?