సాలీళ్ల సంగతి రాసిన చీమ

అనగనగా ఒక అడవిలో పొరుగువాళ్ల సంగతులన్నీ ఆకుల మీద రాసిపెట్టే చీమ ఒకటి ఉండేది. పేరు సూరమ్మ. ఎవరు ఏం తింటారు, పిల్లల్ని ఎలా పెంచుతారు, ఎందుకు పోట్లాడుకుంటారు, అన్నీ దగ్గరుండి చూసి రాసేది. అడవికి పెద్దయిన ఏనుగు తాత ఆ రాతలు విని ఎవరికేం కావాలో చూసేవాడు.

ఒక ఏడాది వానలకు ముందు తాత ఆమెను సాలీళ్ల దగ్గరికి పంపాడు.

మొదటి రోజు ఒక సాలీడు ఒంటరిగా తింటూ కనబడింది. "అయ్యో, పక్కన కూర్చుని తినేవాళ్లే లేరు" అని రాసుకుంది సూరమ్మ. రెండో రోజు రెండు సాలీళ్లు ఎదురుపడ్డాయి. చీమలైతే ఆగి, మూతీ మూతీ ఆనించి పలకరించుకుంటాయి కదా. ఇవి చటుక్కున చెరో వైపు తప్పుకున్నాయి. "బంధుత్వమే తెలియదు" అని రాసుకుంది. మూడో రోజు ఎంత వెతికినా వరసలో నడిచే సాలీడు ఒక్కటీ కనబడలేదు. ఇక సూరమ్మకు కన్నీళ్లాగలేదు. "పాపం, దిక్కులేని జాతి" అని రాసి ముగించింది.

ఒక్క సాలీడునైనా ఒక్క మాట అడిగిందా? లేదు. చూస్తే తెలుస్తోందిగా, ఇంకా అడగడమెందుకు అనుకుంది మహాతల్లి.

ఆ రాత విని ఏనుగు తాత మనసు కరిగిపోయింది.

"రేపు పొద్దున్నే కోతులు సాలీళ్లన్నిటినీ ఏరి తెచ్చి ఒకే చెట్టు తొర్రలో పెడతాయి. వానాకాలమంతా కలిసుంటారు" అన్నాడు.

సూరమ్మ సంబరంగా వెళ్లి ఒక ముసలి సాలీడుకి ఆ కబురు చెప్పింది.

"ఎంత పని చేశావే అమ్మాయీ. ఆకలేస్తే మీరు ఒకరికొకరు తినిపించుకుంటారు. మాకు ఆకలేస్తే ఎదురుగా కదిలిందల్లా తిండే, నా పిల్లలైనా సరే. అందుకే కాస్త పెద్దవగానే వాటిని దూరంగా పంపేస్తాను. ఆ దూరమే మా ప్రేమ. అందరినీ ఒక్క తొర్రలో పెడితే చివరికి ఒక్కరే మిగులుతారు" అంది ముసలిది.

సూరమ్మ పుట్టకు పరిగెత్తి పెద్ద చీమలకు చెప్పింది.

"నోరు మూసుకుని ఊరుకో. చీమ రాసింది తప్పని తేలితే మన పుట్ట పరువేం కావాలి?" అన్నాయవి.

సూరమ్మకు పుట్టంటే ప్రాణం. పుట్ట మాట ఏనాడూ దాటలేదు. కానీ ముసలిదాని పిల్లలు కళ్లముందు మెదులుతూనే ఉన్నాయి.

తెల్లారి కోతులు బయల్దేరే వేళకు ఆమె తాత తొండం మీదుగా చెవి దాకా ఎక్కింది.

"ఆపు తాతా. నేను రాసింది తప్పు" అని ఉన్నదంతా చెప్పేసింది.

తాత ఘీంకరించాడు. కోతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అప్పటికి ఒక్క సాలీడు మీద కూడా చెయ్యి పడలేదు. సూరమ్మ ఆ చెవి మీదే కూలబడి ఏడ్చింది. భయం తీరాక వచ్చే హాయైన ఏడుపది.

"చురుకైన కళ్లు కదమ్మా నీవి, ఎలా పొరబడ్డావు?" అన్నాడు తాత.

"చురుకైనవే తాతా. కానీ చీమ కళ్లు. మాకున్నవాటిలో వాళ్లకేం లేదో అదే చూశాను. వాళ్లకేముందో చూడలేదు."

సూరమ్మ పాత ఆకు చింపేసి, సాలీళ్లను అడిగి అడిగి కొత్తది రాసింది. మొదటి వరసలో ఇలా పెట్టింది: "నేను చీమను. ఇది ఒక చీమ చూసి, సాలీళ్లను అడిగి రాసిన సంగతి." పెద్ద చీమలు నాలుగు రోజులు అలిగాయి. ఐదో రోజు అవే వచ్చి మూతి ఆనించాయి.

మొదటి వాన పడ్డ రోజున ముసలి సాలీడు బెరడు కింద తనొక్కతే వెచ్చగా కూర్చుంది. అటుగా వెళ్తున్న సూరమ్మకు దగ్గరికెళ్లి మూతి ఆనించాలనిపించింది. అయినా మూడాకుల దూరంలోనే ఆగి, ఒక కాలెత్తి ఊపింది.

ముసలిది కూడా ఎనిమిది కాళ్లలో ఒకటి ఎత్తి ఊపింది.

నీతి: ఇతరుల గురించి చెప్పే ముందు మనం ఎవరి కళ్లతో చూస్తున్నామో తెలుసుకోవాలి, ఆపైన వాళ్లనే అడగాలి.